ఎసాద్ పాషా ష్కోడ్రాను అమ్ముకున్నాడా, గతిలేక వదిలేశాడా?

పాతకోట: బాల్కన్ యుద్ధంలో ఉత్తర అల్బేనియాలోని ష్కోడ్రా కోటను 1913 ఏప్రిల్ 23న, దాన్ని ముట్టడించిన పొరుగు రాజ్యం మాంటెనెగ్రోకి అప్పగించిన ఒట్టోమన్ (తుర్కీ) సైన్యంలోని అల్బేనియా సేనాని ఎసాద్ పాషా తొప్తానీ ద్రోహి అనే నేనూ అంటాను. ఆ జనవరి 30న కోట సేనాని హసన్ రిజా పాషాను మాటువేసి చంపారు, అది ఎసాద్ మనుషుల పనే అని అప్పుడే అందరూ అనుమానించారు, పగ్గాలు కూడా ఆయన చేతికే వచ్చాయి. పైగా అప్పటికే యూరప్ పెద్ద రాజ్యాలు లండన్‌లో ష్కోడ్రా అల్బేనియాకే అని తేల్చేశాయి, వాటి యుద్ధనౌకలు మాంటెనెగ్రో తీరాన్ని దిగ్బంధించాయి. ఇంకొన్ని వారాలు ఆగలేకపోయాడా?

నదీతీరం: పాతకోట గారూ, హత్య సంగతిలో అనుమానం బలమైనదే, కాదనను. కానీ 1912 అక్టోబర్ నుంచి ముట్టడిలో ఉన్న ఊరది. తిండి అయిపోయింది. ఇస్తాంబుల్ నుంచి సాయం వచ్చే దారే లేదు. లండన్‌లో ఏం తేల్చారో చూసుకుని ఆకలితో ఉన్న సిపాయిలను ఇంకా నిలబెట్టాల్సింది అని వందేళ్ల తర్వాత మనం అనడం సులువు. ఆ నగరం మాంటెనెగ్రోకి దక్కనూ లేదు, మే 14న ఖాళీ చేసి అంతర్జాతీయ దళాలకు అప్పజెప్పాల్సి వచ్చింది. నాకు అసలు కోపం తెప్పించేది ఆ తర్వాత ఆయన చేసింది. ఆయుధాలతో సహా బయటికి తెచ్చుకున్న బలగాన్ని దేశం కోసం వాడాడా? వ్లోరాలో ఇస్మాయిల్ చెమాలి నడిపిన కొత్త అల్బేనియా తాత్కాలిక ప్రభుత్వంలో హోంమంత్రిగా ఉంటూనే, అక్టోబర్‌లో దుర్రెస్‌లో తన సొంత ప్రభుత్వం పెట్టుకున్నాడు. 1914లో తానే జర్మనీ వెళ్లి అక్కడి యువరాజు విల్‌హెల్మ్ ఆఫ్ వీడ్‌కి అల్బేనియా కిరీటం ఇస్తామని పిలుచుకొచ్చి, ఆయన దగ్గరే యుద్ధమంత్రి అయ్యి, మే నెలకల్లా కుట్ర ఆరోపణ మీద అరెస్టై ఇటలీకి పంపబడ్డాడు. సెప్టెంబర్‌లో సెర్బియా ఊరు నీష్‌లో ఆ దేశ ప్రధాని పషిచ్‌తో రహస్య ఒప్పందం చేసుకుని, వాళ్ల డబ్బుతో తిరిగొచ్చి దుర్రెస్‌లో కూర్చున్నాడు. ద్రోహం అనే మాట వాడాలంటే నీష్ దగ్గర వాడండి, ష్కోడ్రా దగ్గర కాదు.

కొండదారి: నదీతీరం అన్నా, ఆ రోజుల్లో అక్కడ బయటివాళ్ల అండ లేకుండా నిలబడింది ఎవరు? వీడ్ వెనక పెద్ద రాజ్యాలు లేవా, ఉత్తరాది నాయకుల వెనక ఆస్ట్రియా లేదా? 1915 చలికాలంలో అల్బేనియా మీదుగా వెనక్కి వచ్చిన సెర్బియా సైన్యానికి తన ప్రాంతంలో దారి ఇచ్చాడు, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అదైనా ఆయన ఖాతాలో వెయ్యండి.

నదీతీరం: తప్పకుండా వేస్తాను తమ్ముడూ, అది మంచి పనే. కానీ అండ తీసుకోవడం వేరు, అంతకుముందు కొన్ని నెలల క్రితమే మధ్య అల్బేనియా రైతులు తన మీద తిరగబడితే వాళ్లను అణచడానికి సెర్బియా సైన్యాన్ని టిరానా దాకా రప్పించుకోవడం వేరు. తన సొంత జనం మీదికి పొరుగు సైన్యాన్ని తెచ్చాడు, దానికి ఏ ఆకలీ ముట్టడీ సాకు కాదు.

పాతకోట: మరి 1920 జూన్ 13న పారిస్‌లో ఆయన్ని కాల్చి చంపిన అల్బేనియా యువకుడు అవ్ని రుస్తెమిని ఫ్రెంచి కోర్టే వదిలేసింది కదా, తీర్పు అక్కడే వచ్చేసింది!

నదీతీరం: ఆ కోర్టు విచారించింది రుస్తెమిని, ఎసాద్‌ని కాదండీ. 1916 తర్వాత ఇదే ఎసాద్‌ని గ్రీసులోని సలోనికాలో అల్బేనియా ప్రవాస ప్రభుత్వ అధినేతగా చూసుకున్నది కూడా ఫ్రాన్సే. రుస్తెమి విడుదలను పట్టుకుని ష్కోడ్రా నేరం రుజువైందనడం నేను ఒప్పుకోను. ముట్టడి చివరి వారాల్లో తిండి ఇంకా మిగిలి ఉందని చూపించే ఆధారం ఏదైనా మీ దగ్గర ఉంటే పెట్టండి, దాని మీద మాట్లాడుకుందాం.