మా వీధి ఫుట్‌పాత్ పనికి డబ్బు ఏ పద్దు నుంచి వచ్చిందో తెలియాలంటే ఏ కాగితం అడగాలి?

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. మా వీధి ఫుట్‌పాత్‌ని నాలుగేళ్లలో మూడోసారి తవ్వారు. ఈసారి నిక్షేపంలా ఉన్న రాతి పలకలు పీకేసి సిమెంట్ టైల్స్ వేస్తే, మొదటి వానకే అవి కదిలిపోయి, కాలు పెట్టగానే కిందనుంచి బురదనీళ్లు మోకాలి దాకా చిమ్ముతున్నాయి.

అక్కడున్న ఇంజినీర్‌ని అడిగితే "సెంట్రల్ ఫండ్ అండీ, మార్చిలోపు ఖర్చు పెట్టాలి" అన్నారు. కోవిడ్ దెబ్బ తర్వాత ఆర్థిక వ్యవస్థకి ఊతమివ్వడానికి 2020 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పథకం గురించేమో అనుకుంటున్నాను, అదే, రాష్ట్రాలకి 50 ఏళ్లకి వడ్డీ లేకుండా ఇచ్చేది, మొదట 12,000 కోట్లతో మొదలైంది. వడ్డీ లేకపోయినా అది అప్పే కదా, రేపు మన పిల్లలే తీర్చాలి. పక్క సందులో డ్రైనేజీ పొంగుతుంటే ఆ డబ్బు అక్కడ పెట్టినా కూలీలకి పని దొరికేది. బాగున్నదాన్ని పగలగొట్టి మళ్లీ కట్టడం నాకు అస్సలు మింగుడు పడటం లేదు.

10 రూపాయలు కట్టి ఆర్టీఐ వేశాను. 34వ రోజున "అడిగింది స్పష్టంగా లేదు" అని జవాబొచ్చింది. వివరంగా రాసి మళ్లీ వేస్తే 150 పదాలు దాటిందని తిప్పి పంపారు (కర్ణాటకలో ఆ రూల్ ఉంది, ఒకే విషయం అడగాలి కూడా). ఆన్‌లైన్‌లో వెతికితే కాంట్రాక్టర్ బిల్లు మొత్తం కనిపించింది కానీ పద్దు పేరు లేదు.

ఇలాంటివి తెప్పించుకున్నవాళ్లు చెప్పండి: ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, మెజర్‌మెంట్ బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం), వీటిలో ఏ కాగితం కాపీ అడిగితే డబ్బు ఏ పథకం నుంచి వచ్చిందో కచ్చితంగా రాసి ఉంటుంది?