నర్సు బరువుకూ డ్యూటీలో తగిలే దెబ్బకూ సంబంధం ఎంత?

మదనపల్లె సిస్టర్ (ప్రశ్న)

నేను పదకొండేళ్లుగా బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఊరి నుంచి వచ్చిన కొత్తలో 54 కిలోలు ఉండేదాన్ని. ఇప్పుడు 156 సెంటీమీటర్ల ఎత్తుకు 73 కిలోలు ఉన్నాను. గత నెల నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున నాలుగింటికి, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన మంచంలో కాళ్లవైపుకు జారిపోయారు. ఆయా వేరే వార్డుకు వెళ్లి ఉండటంతో నేనొక్కదాన్నే ఆయన చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. ఆ మంచం ఎత్తు పెంచే పిడి చాలా రోజులుగా తిరగడం లేదు. ఎవరో దానికి బ్యాండేజీ గుడ్డ చుట్టి వదిలేశారు. లాగుతుండగానే నడుము పట్టేసింది, తొమ్మిది రోజులు లేవలేకపోయాను.

తిరిగి డ్యూటీకి వెళ్లినప్పుడు పర్యవేక్షకురాలు అందరి ముందూ "ముందు బరువు తగ్గించుకోండి సిస్టర్" అన్నారు. సెలవు కాగితంలో కారణం "స్థూలకాయం వల్ల నడుము నొప్పి" అని రాశారు. బరువు ఎక్కువైతే దెబ్బలు ఎక్కువ తగులుతాయన్నది నిజమేనా? నిజమైతే ఆ కాగితంలో రాసింది కూడా సరైనదే అవుతుందా? జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద పట్టుకుంటారు కనుక అడుగుతున్నాను.

వృత్తి ఆరోగ్య వైద్యుడు

మీవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి అవుననే చెప్పాలి, రెండోదానికి కాదనాలి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం, దాని ఆసుపత్రుల ఉద్యోగులు పదకొండు వేలకు పైబడిన వారి వివరాలతో 2007లో ఒక అధ్యయనం వెలువడింది. బరువు సరిపడా ఉన్నవారిలో వంద పూర్తికాల ఉద్యోగాలకు ఏడాదికి సుమారు 5.8 గాయపు పరిహార దరఖాస్తులు రాగా, శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 40 దాటినవారిలో 11.65 వచ్చాయి, పోయిన పనిదినాలు దాదాపు పదమూడు రెట్లు. అయితే వారందరూ నర్సులు కారు, పైగా 40 అంటే మీ ఎత్తుకు 97 కిలోలు. మీ సూచిక 30. భారతీయుల విషయంలో 25 నుంచే స్థూలకాయంగా లెక్కించాలని మన వైద్య నిపుణులు 2009లో చెప్పిన మాట నిజమే కాని, ఆ హద్దు మధుమేహం, గుండె జబ్బులను దృష్టిలో పెట్టుకుని పెట్టినది. నడుము ఎప్పుడు పడుతుందో అది చెప్పదు.

బరువు ఎలా పనిచేస్తుందో కూడా చెబుతాను. వంగినప్పుడు వెన్ను మోసేది రోగిని మాత్రమే కాదు, మన తల, చేతులు, మొండెం కలిసి శరీర బరువులో సగానికి పైగా ఉంటాయి, దాన్నీ మోస్తుంది. పొట్ట ముందుకు ఉంటే మంచానికి అంత దగ్గరగా నిలబడలేము. రోగి ఎంత దూరమైతే వెన్నుపై ఒత్తిడి అంత పెరుగుతుంది. ఇక రోగివైపు లెక్క చూడండి. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నయోష్ పెట్టెలను ఎత్తడానికి, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, 23 కిలోలు హద్దుగా పెట్టింది. రోగి పెట్టె కాదు, కదులుతాడు, పట్టు దొరకదు కనుక, ఆ సంస్థకే చెందిన థామస్ వాటర్స్ 2007లో రోగుల విషయంలో ఆ హద్దును సుమారు 16 కిలోలకు తగ్గించాలన్నారు. వంద కిలోల మనిషి కాలు ఒక్కటే అంత ఉంటుంది. ఒకరికంటే ఎక్కువమంది చేయవలసిన పనిని ఒక్కరే చేసినప్పుడు, ఆ ఒక్కరూ 54 కిలోలా 73 కిలోలా అన్నది చిన్న తేడా.

ఇంకొక మాట. నైట్ డ్యూటీలు నిద్రనూ భోజనవేళలనూ చెరిపి బరువు పెంచుతాయి. నడుము నొప్పి వచ్చినవారు నడక మానేసి ఇంకా పెరుగుతారు. కాబట్టి బరువు ఎక్కువున్నవారికి గాయాలు ఎక్కువ అన్న లెక్కలో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎప్పుడూ తేలికగా తెలియదు.

కర్నూలు అక్క

చెల్లీ, నేను 48 కిలోలు. నాకు డిస్క్ జారింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నడుము పట్టేసి మంచాన పడ్డ సన్నని సిస్టర్లను లావైనవారి కంటే తక్కువగా ఏమీ చూడలేదు. మీ పర్యవేక్షకురాలు ఆ పిడిని ముందు చూసి ఉండవలసింది.

బరువు సంగతి తరువాత చూసుకోవచ్చు, ఈ రాత్రి డ్యూటీకి పనికొచ్చేది చెబుతాను. రోగిని పైకి జరపాలంటే మొదట మంచం తల వైపు చదును చేయండి. తలకు గాయమైనవారు, ఊపిరి అందనివారు కాకపోతే తలవైపు కాస్త కిందికి వంచితే రోగి బరువే మీకు సాయం చేస్తుంది. మంచం మీ తుంటి ఎత్తుకు రావాలి. డ్రా షీట్ (రోగి కింద అడ్డంగా వేసే దుప్పటి) భుజాల నుంచి తొడల వరకు ఉండాలి. రెండు అంచులనూ చుట్టచుట్టి రోగి ఒంటికి ఆనించి పట్టుకోండి. అంచు వదులుగా పట్టుకుంటేనే చేతులు దూరమై నడుము మీద పడుతుంది. రెండో మనిషి లేకుండా మొదలుపెట్టవద్దు, అంటే ఆయా వచ్చేదాకా ఆగమని. జారిన రోగి పది నిమిషాలు అలాగే ఉంటే ఏమీ కాదు (శ్వాస ఇబ్బంది ఉంటే వేరే సంగతి, అప్పుడు గట్టిగా కేకేసి పిలవాలి). చంకల కింద చేతులు వేసి లాగడం మాత్రం మానేయండి. పక్షవాతం ఉన్న వైపు భుజం జారిపోవచ్చు.

ఇవన్నీ మాకూ శిక్షణలో చెప్పారు. చెప్పినంత మాత్రాన గాయాలు తగ్గలేదు. రెండో మనిషినీ జారుడు షీట్‌నూ (రోగి సులువుగా జరిగేలా కింద వేసే నున్నని గుడ్డ) ఇచ్చిన వార్డులోనే తగ్గాయి.

పీణ్యా జీతాల గుమాస్తా

నేను నర్సును కాను, ఫ్యాక్టరీలో ఈఎస్ఐ కాగితాలు చూసేవాణ్ణి. వైద్యుల మాటలు నాకు తెలియవు కాని, ఆ సెలవు కాగితం మీద నాకు పేచీ ఉంది. "స్థూలకాయం వల్ల" అని రాస్తే అది జబ్బు అవుతుంది: జబ్బు భృతి జీతంలో 70 శాతం, అదీ ఏడాదిలో 91 రోజుల వరకే. "డ్యూటీలో గాయం" అని రాస్తే తాత్కాలిక అశక్తత భృతి 90 శాతం, నయమయ్యే దాకా, కాకపోతే అశక్తత కనీసం మూడు రోజులు ఉండాలి. పని వేళలో పనిచోట జరిగిన ప్రమాదాన్ని, వ్యతిరేక సాక్ష్యం లేనంతవరకు, పని వల్ల జరిగినదిగానే చట్టం భావిస్తుంది. మీరు లావుగా ఉండటం ఆ సాక్ష్యం కిందికి రాదు. ప్రమాదాల పుస్తకంలో తేదీ, వేళ, మంచం నంబరు, పిడి పనిచేయని సంగతి, తోడు లేని సంగతి రాయించండి. నెల గడిచినా ఫరవాలేదు, ఆలస్యానికి కారణం రాయండి.

మదనపల్లె సిస్టర్

అందరికీ ధన్యవాదాలు. అక్కా, ఆ పిడి గురించి మీ మాట చదివి మనసు కుదుటపడింది. బరువు తగ్గించుకోవడం నాకు వేరే కారణాలకు అవసరమే, చక్కెర హద్దు మీద ఉంది; దానిని ఈ గాయంతో కలపకుండా చూసుకుంటాను.

ప్రమాదాల పుస్తకం ఎక్కడుంటుందని మా వార్డులో ముగ్గురిని అడిగాను, ఎవరికీ తెలియదు. గుమాస్తా గారూ, అది సాధారణంగా ఎవరి దగ్గర ఉంటుంది?

పీణ్యా జీతాల గుమాస్తా

మానవ వనరుల గదిలో ఉండాలి. లేదంటే మీ వివరాలు కాగితం మీద రాసి రెండు ప్రతులు తీయండి, ఒక ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.