ఫ్యాక్టరీలో మానిటరింగ్ బావి: మామూలు బోరు చాలదా?

బొల్లారం_ఈహెచ్‌ఎస్
మాది బొల్లారంలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు), సాల్వెంట్ ట్యాంకుల దగ్గర భూగర్భజలాల మానిటరింగ్ బావులు, అంటే కాలుష్యం చేరిందేమో శాంపిల్ తీసి చూసే బావులు వేయించాలి. పైన మట్టి, మొరం, 50 అడుగులకు గట్టి బండ. ఎండాకాలంలో నీటిమట్టం 35 అడుగులు. రిగ్గు వాళ్లేమో ఆరున్నర అంగుళాల బోరు 200 అడుగులు కొట్టి, బండ దాకా కేసింగ్ దించితే అయిపోతుందంటున్నారు. నిజమేనా?

మొరంపొర
నీళ్లు తోడుకోవడానికైతే సరిపోతుంది. మీ పనికి మాత్రం వద్దు. మొరంలో ఉన్న కాలుష్యాన్ని బండ పగుళ్లలోకి మీరే దింపినట్టవుతుంది. కేసింగ్ వెనక సందు ఖాళీగా వదిలేస్తారు కాబట్టి వానకు యార్డు నీళ్లూ అందులోంచే దిగుతాయి. ఇక శాంపిల్ ఏ పొరదో ఎవరు చెప్పగలరు?

బండ తగలగానే 50 అడుగుల దగ్గర ఆపించండి. లోపల 2 అంగుళాల యూపీవీసీ పైపు చాలు. 4 అంగుళాలది పెడితే చుట్టూ అంగుళం సందే మిగులుతుంది, గ్రౌట్ (సందు మూసే సిమెంట్ పాలు) పోసే పైపు దిగదు. 30 నుంచి 50 అడుగుల దాకా నీళ్లు లోపలికొచ్చే అర మిల్లీమీటరు గాట్ల పైపు, అడుగున మూత. చుట్టూ కడిగిన 1–2 మి.మీ. క్వార్ట్జ్ ఇసుక 28 అడుగుల దాకా, ఆపైన 3 అడుగులు బెంటోనైట్ (తడిస్తే ఉబ్బే బంకమన్ను) గుళికలు, మిగతాది సిమెంట్ గ్రౌట్. ఒక్కో బావికి ఇసుక 200 కేజీలు, గుళికలు 20 కేజీలు, సిమెంట్ మూడు బస్తాలు. గోడ విరిగి బోరు వెడల్పయితే ఇంకా పడుతుంది, పావు వంతు ఎక్కువే తెప్పించండి.

కనీసం మూడు బావులు, ఒకే వరసలో కాకుండా: భూగర్భజలం పారే దిశకు ఎగువన ఒకటి, దిగువన రెండు. నేల వాలును నమ్మొద్దు. పక్కవాళ్ల బోరు రోజంతా నడిస్తే నీళ్లు అటే తిరుగుతాయి.

జీసీ_ల్యాబు
పైపులు మరలవే కొనండి. గమ్ముతో అతికిస్తే అందులోని టీహెచ్‌ఎఫ్, ఎంఈకే అనే సాల్వెంట్లు శాంపిల్‌లో కనిపిస్తాయి. రెండూ మీ ఫ్యాక్టరీలో వాడేవే అయితే ఇక తేల్చలేరు.

టోలుయీన్ నీటిపై తేలుతుంది, మిథిలీన్ క్లోరైడ్ మునిగి బండ మీద కూర్చుంటుంది. అందుకే గాట్లు బండ దాకా ఉండాలి. వానాకాలంలో మట్టం 30 అడుగుల పైకి వస్తే మాత్రం తేలేది ఈ బావిలో దొరకదు. సాల్వెంట్ నీళ్లలో కలవకుండా అలాగే చేరిన చోట పీవీసీ మెత్తబడుతుంది, అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలే.

బోరు కొట్టేటప్పుడు కంప్రెసర్ గాలికి ఆయిల్ ఫిల్టర్ పెట్టించండి, నురగ (ఫోమ్) వాడొద్దనండి. శుభ్రమైన ఎగువ బావితో మొదలుపెట్టి, బావి బావికీ హ్యామర్, రాడ్లు కడిగించండి.

బొల్లారం_ఈహెచ్‌ఎస్
గుళికల బదులు బెంటోనైట్ పొడి పోస్తే?

మొరంపొర
తడి గోడకు అంటుకుని మధ్యలోనే ఆగిపోతుంది, కింద ఖాళీ మిగులుతుంది. ఇసుకకైనా గుళికలకైనా బకెట్ బకెట్‌కీ బరువు కట్టిన టేపుతో లోతు కొలవండి. గుళికలు పూర్తిగా ఉబ్బాకే గ్రౌట్, అదీ అంగుళం పైపుతో అడుగు నుంచి పైకి. తొందరపడితే సిమెంట్ ఇసుకలోకి దిగి పీహెచ్ 11, 12 చూపిస్తుంది, మీరు కాస్టిక్ లీకనుకుని ఈటీపీ అంతా వెతుకుతారు. ఎగువ బావిలోనూ అదే వస్తే ముందు గ్రౌట్‌నే అనుమానించండి.

గ్రౌట్ గట్టిపడటానికి రెండు రోజులు ఆగి, బావి పైపులో పిస్టన్ లాంటి బిళ్లను పైకీ కిందకీ ఆడించి బురద తోడేయండి, మడ్డితనం 10 ఎన్‌టీయూ (మడ్డితనానికి కొలమానం) లోపుకు వచ్చేదాకా. మొరంలో బంకమన్ను ఉంటే అంత తేటపడకపోవచ్చు. పైన తాళం మూత, బయటికి వాలిన కాంక్రీటు దిమ్మె. పైపు అంచున ఒక గీత గీసి, మూడు బావుల లెవెల్ మిల్లీమీటర్లలో తీయించండి. మట్టం ఎప్పుడు కొలిచినా ఆ గీత నుంచే.