దయ్యాల మీద అధికారం ప్రతి విశ్వాసికీ ఉందా? ఉంటే ఎంతవరకు?

తిరుపతి విశ్వాసి:
అందరికీ వందనాలు. మొన్న మా కాలనీలో ఉపవాస కూటం జరిగింది. బయటి నుంచి వచ్చిన బోధకుడు లూకా 10:19 చదివి, పాములను, తేళ్లను తొక్కే అధికారం ప్రతి విశ్వాసికీ ఉందన్నారు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. తర్వాత తిరుపతి పట్టణాన్ని ఏలుతున్న ఆత్మలను పేరుపెట్టి బంధించాలంటూ మైకులో అందరిచేతా గట్టిగా అరిపించారు. చుట్టుపక్కల వాళ్లు మేడలెక్కి చూస్తున్నారు. అదే కూటంలో ఫిట్స్ వచ్చే ఒక అమ్మాయిని ముందుకు పిలిచి ప్రార్థన చేసి, విడుదలైపోయింది, ఇక మాత్రలు వేసుకుంటే అది అవిశ్వాసమే అన్నారు. వాళ్ల నాన్న మాత్రలు ఆపేశాడు. ఇప్పుడు సంఘంలో సగం మంది ఒక మాట, సగం మంది ఇంకో మాట. ఈ అధికారం నిజంగా అందరిదీనా? పట్టణాల మీద కూడానా? వాక్యం చూపించి చెప్పండి.

పుత్తూరు సంఘకాపరి:
బ్రదర్, అధికారం అందరిదీ. లూకా 10లో యేసు పంపగా వెళ్లిన డెబ్బైమంది పన్నెండుగురు అపొస్తలుల్లో వాళ్లు కారు. వాళ్ల పేర్లు కూడా మనకు తెలియవు. అయినా దయ్యాలు లోబడ్డాయి. సమరయలో ఫిలిప్పు సువార్త చెబితే అపవిత్రాత్మలు కేకలు వేసి వదిలిపోయాయి (అపొ. కార్యములు 8). ఆయన యెరూషలేములో భోజనపు బల్లల పనికి ఏర్పరచిన ఏడుగురిలో ఒకడు. మార్కు 16:17లో నా పేరుతో దయ్యాలను వెళ్లగొడతారన్న మాట నమ్మినవారందరి గురించీ చెప్పిందే.

ఇంకో సంగతి. ఊళ్లలో పరిచర్య చేసేవాళ్లకే ఇది తెలుస్తుంది. మొదటి తరం విశ్వాసులకు చేతబడి అన్నా, గాలి సోకడం అన్నా ప్రాణభయం. మనం నవ్వి కొట్టిపారేస్తే ఆదివారం గుడికి వస్తారు, అమావాస్యకు తాయెత్తు కట్టించుకుంటారు. యేసు నామం ఆ భయం కంటే పెద్దదని వాళ్లకు చెప్పాలి, పక్కన నిలబడి ప్రార్థించి చూపించాలి. ఈ అధికారాన్ని మూసిపెట్టే సంఘం తన జనాన్ని మంత్రగాడికి అప్పగించినట్టే.

చిత్తూరు అక్క:
అయ్యగారూ, తాయెత్తుల గురించి మీరన్నది అక్షరాలా నిజం. అధికారం ఉందన్న దానిలోనూ మీతో ఏకీభవిస్తాను. కానీ అది ఎవరి అధికారం, దాన్ని దేనికి ఇచ్చారు అన్న దగ్గరే మన సంఘాలు దారి తప్పుతున్నాయని నా బాధ.

ముందు మార్కు 16 సంగతి. 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత బైబిళ్లైన సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేవు. అందుకని వాటిని తీసెయ్యమనడం లేదు, మొత్తం సిద్ధాంతాన్ని వాటి మీదే నిలబెట్టొద్దు అంటున్నాను. లూకా 10 చాలు. అక్కడ కూడా మనవాళ్లు 19 దగ్గరే ఆగిపోతారు. దయ్యాలు లోబడుతున్నాయని సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అని 20లో యేసే అంటున్నాడు. మత్తయి 7:22లో నీ పేరుతో దయ్యాలను వెళ్లగొట్టాం అని చెప్పుకొనేవాళ్లతో, మిమ్మల్ని నేనెన్నడూ ఎరుగను అంటాడు. అంటే దయ్యం వదిలినంత మాత్రాన ప్రార్థించినవాడు దేవునివాడని రుజువు కాలేదు. యాకోబు 4:7లో అపవాదిని (సాతానును) ఎదిరించండి అనే మాటకు ముందు దేవునికి లోబడండి అనే మాట ఉంది. ముందుది వదిలేసి రెండోది మాత్రమే మైకులో చెబుతున్నారు.

ఇక పట్టణాల సంగతి. పట్టణానికో దేశానికో ఏలిక ఆత్మ ఉంటుందని, దాని పేరు కనుక్కొని బంధించాలని చెప్పే బోధ 1990లలో అమెరికాలో సి. పీటర్ వాగ్నర్ లాంటి క్రైస్తవ బోధకుల ద్వారా బాగా ప్రచారమైంది. వాళ్లు చూపించేది దానియేలు 10లో దేవుని దూతను అడ్డగించిన పారసీక రాజ్యాధిపతిని. ఆ అధ్యాయం మళ్లీ చదవండి. దానియేలు మూడు వారాలు రుచిగల భోజనం మానేసి దుఃఖంతో ఉన్నాడు. ఆ అధిపతితో ఒక్క మాట మాట్లాడలేదు, బంధించలేదు. అలాంటివాడొకడు ఉన్నాడన్న సంగతి తర్వాత దూత చెబితేనే విన్నాడు. యూదా పత్రిక 9వ వచనంలో ప్రధానదూత మిఖాయేలే అపవాదిని దూషించే సాహసం చెయ్యక, ప్రభువు నిన్ను గద్దించును గాక అన్నాడు. మరి మనమెంత?

పౌలు ఎఫెసులో ఏం చేశాడో చూస్తే తిరుపతిలో మనమెలా ఉండాలో తెలుస్తుంది. అది అర్తెమిదేవి గుడి ఉన్న ఊరు. దూరదేశాల నుంచి భక్తులు వస్తారు, గుడిని నమ్ముకొని బతికే వ్యాపారులున్నారు. పౌలు రెండేళ్లు తురన్ను పాఠశాలలో రోజూ మాట్లాడాడు. రోగులు బాగయ్యారు, దురాత్మలు వదిలాయి. మాంత్రిక విద్య చేసినవాళ్లు తమ పుస్తకాలను తామే తెచ్చి కాల్చేశారు, వాటి వెల యాభై వేల వెండి రూకలు. ఇంకొకరి ఇంట్లోవి కాల్చలేదు. చివరికి అల్లరి జరిగినప్పుడు ఆ ఊరి కరణమే జనంతో, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించలేదు అన్నాడు (అపొ. కార్యములు 19:37). అన్నేళ్ల పరిచర్య తర్వాత బయటివాడి నోటి నుంచి వచ్చిన సాక్ష్యం అది. మీ కాలనీలో మేడల మీద నుంచి చూసినవాళ్లు మన గురించి ఆ మాట చెప్పగలరా? పక్కింటివాళ్ల పూజను మైకులో దయ్యం అంటే అది అధికారం కాదు, అవమానించడం.

అదే 19వ అధ్యాయంలో యూదుల ప్రధాన యాజకుడైన స్కెవ కుమారులు ఏడుగురున్నారు. పౌలు ప్రకటించే యేసు పేరుతో గద్దించబోతే, యేసు తెలుసు, పౌలూ తెలుసు, మీరెవరు అని ఆ దయ్యం అడిగింది. దెబ్బలు తిని, బట్టలు లేకుండా పారిపోయారు. పేరు పలకడం నేర్చుకుంటే సరిపోదని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

శ్రీకాళహస్తి కేథలిక్:
మా దగ్గర దీనికి కట్టడి ఉంది. 1983 చర్చి చట్టం 1172వ నియమం ప్రకారం, దయ్యం పట్టినవాళ్ల మీద భూతోచ్చాటన (దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన) చెయ్యాలంటే ఆ ప్రాంత బిషప్ అనుమతి గురువుకు (పాదిరికి) ప్రత్యేకంగా ఉండాలి. 1614 నాటి ఉచ్చాటన విధిని 1999లో సవరించారు. ముందు అది జబ్బు కాదని తేల్చుకోవాలి, అవసరమైతే వైద్యులను అడగాలి. కట్టడి ఉన్నా ఘోరాలు జరగవని కాదు. జర్మనీలో అన్నెలీస్ మిషెల్ అనే యువతికి బిషప్ అనుమతితోనే నెలల తరబడి ఉచ్చాటన చేశారు. తిండి మానేసి చిక్కి 1976లో చనిపోయింది. 1978లో తల్లిదండ్రులకు, ఇద్దరు గురువులకు కోర్టులో శిక్ష పడింది. ఆమెకు మూర్ఛ జబ్బు ఉండేది. అందుకే పైన ఆ అమ్మాయి సంగతి చదివితే నాకు భయం వేసింది.

కుప్పం నర్సు:
మీ చర్చ తర్వాత కానివ్వండి, ముందు ఆ అమ్మాయికి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించండి. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఎన్ని రోజులు మానేసిందో చెప్పి, ఏ మోతాదుతో మొదలుపెట్టాలో ఈరోజే వాళ్ల డాక్టరును అడగాలి. ఐదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. పక్కకు పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ కాదు.

మన ప్రాంతంలో ఫిట్స్‌కు ఒక పెద్ద కారణం మెదడులో బద్దెపురుగు పిల్లలు చేరడం. ఆ పురుగు గుడ్లు పడిన నీళ్లు, కూరగాయల ద్వారా ఎవరికైనా రావచ్చు. స్కానింగ్‌లో కనబడుతుంది, మందులున్నాయి. సరైన మందులు వాడితే మూర్ఛ ఉన్నవాళ్లలో నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నేనూ విశ్వాసినే. మత్తయి 4:24 చూడండి. దయ్యం పట్టినవాళ్లను, చాంద్రరోగులను (అంటే మూర్ఛ ఉన్నవాళ్లను), పక్షవాయువు ఉన్నవాళ్లను విడివిడిగా రాశాడు. మార్కు 9లో నురుగు కార్చుకుంటూ కింద పడిపోయే పిల్లవాడి తండ్రిని యేసు, ఇది ఎంతకాలం నుంచి అని అడిగాడు. కేసు చరిత్ర అడిగిన తర్వాతే ఆయన ముందుకు వెళ్లాడు! చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు సి.ఎం.సి. క్రైస్తవ ఆసుపత్రే. అక్కడ ప్రార్థన చేసే చాప్లిన్లున్నారు, నరాల డాక్టర్లూ ఉన్నారు. ఒకరిని చూసి ఇంకొకరు అవిశ్వాసం అనుకోరు.

పుత్తూరు సంఘకాపరి:
మాత్రలు ఆపమని నేనెప్పుడూ చెప్పలేదమ్మా, చెప్పను కూడా. ఆ బోధకుడు చేసింది తప్పే. కానీ చిత్తూరు అక్కగారూ, ఎఫెసీ 6:12 ఉంది కదా. మనం పోరాడేది ప్రధానులతో, అధికారులతో, అంధకార లోకనాథులతో అని పౌలు రాసింది ఆ ఎఫెసువాళ్లకే. పట్టణం మీద ఆత్మీయ పోరాటమే లేదంటే ఎలా?

చిత్తూరు అక్క:
పోరాటం లేదనలేదు అయ్యగారూ. ఆ భాగంలోనే పౌలు నిలబడండి అని మళ్లీ మళ్లీ అంటాడు. ఇచ్చిన ఆయుధాలు సత్యం, నీతి, సమాధాన సువార్త, విశ్వాసం, రక్షణ, వాక్యం. 18వ వచనంలో పరిశుద్ధులందరి కోసం ప్రార్థించండి అంటాడు. పట్టణపు ఆత్మలను పేరుపెట్టి పిలవమని ఒక్క మాట కూడా లేదు. తిరుపతి కోసం మోకరించి ప్రార్థిద్దాం, నేనూ వస్తాను. తలుపులు వేసుకొని, మైకు లేకుండా.

పుత్తూరు సంఘకాపరి:
మైకు లేకుండా అంటే సరే. బంధించే ప్రార్థన వద్దంటే మాత్రం ఒప్పుకోలేను. మీరు భూమి మీద బంధించేవి పరలోకంలోనూ బంధింపబడతాయి అనే మత్తయి 18:18 మీద ఇంకోసారి మాట్లాడుకుందాం.

తిరుపతి విశ్వాసి:
వాళ్ల నాన్నతో ఇప్పుడే మాట్లాడాను. మాత్రలు మళ్లీ ఇస్తే దేవుడికి కోపం వస్తుందేమోనని ఏడుస్తున్నాడు. నా మాట వినేలా లేడు. పుత్తూరు అయ్యగారూ, మీరంటే ఆయనకు గౌరవం. ఈ సాయంత్రం మీరొకసారి ఫోన్ చేసి చెబుతారా?

పుత్తూరు సంఘకాపరి:
ఫోన్ కాదు బ్రదర్, నేనే బస్సెక్కి వస్తాను. డాక్టరు రాసిచ్చిన చీటీ దగ్గర పెట్టుకోమనండి.