ఫ్లేవర్డ్ హై ప్రోటీన్ యోగర్ట్ రోజుకి రెండు కప్పులు తింటున్నా, ఇది పెరుగా స్వీటా?

కొత్తజిమ్ము:
అందరికీ నమస్తే. మూణ్ణెల్ల నుంచి జిమ్‌కి వెళ్తున్నా, వెయిట్ 62 కిలోలు. గుడ్ల వాసన నాకు పడదు, ప్రోటీన్ పౌడర్ తాగితే కడుపు ఉబ్బిపోతుంది, అందుకని స్ట్రాబెర్రీ ఫ్లేవర్ హై ప్రోటీన్ యోగర్ట్ పట్టుకున్నా, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి లాగించేస్తున్నా. కప్పు 150 గ్రాములు, ప్రోటీన్ 15 గ్రాములు, ఫ్యాట్ సున్నా, 140 కాలరీలు. ఇంతవరకూ హ్యాపీయే. నిన్న మా అక్క కప్పు వెనక్కి తిప్పి చూసి షుగర్ 17 గ్రాములుందిరా, నువ్వు తినేది పెరుగు కాదు ఐస్‌క్రీమ్ అని ఒకటే నవ్వు. పాలల్లో ఎలాగూ షుగర్ ఉంటుంది కదా అంటే వినదు. ఎవరు కరెక్టో చెప్పండి ప్లీజ్, ఇంట్లో పరువు సమస్య అయిపోయింది.

లేబుల్_పిచ్చోడు:
ఇద్దరూ సగం సగం కరెక్టు బ్రో. పాలల్లో ఉండే షుగర్ లాక్టోజ్, మామూలు పాలల్లో 100 గ్రాములకి 5 గ్రాముల లోపు ఉంటుంది, తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా అందులో కొంత తినేసి లాక్టిక్ యాసిడ్ చేస్తుంది, పులుపు వచ్చేది దాని వల్లే. అంటే నీ కప్పులో ఓ 5, 6 గ్రాములు పాల నుంచి వచ్చిందే, దాని గురించి ఎవరూ కంగారు పడక్కర్లేదు. మిగతా 11 గ్రాములు మాత్రం పైనుంచి కలిపింది, దాదాపు మూడు టీస్పూన్లు. లేబుల్ మీద టోటల్ షుగర్స్ కింద యాడెడ్ షుగర్స్ అని ఇంకో లైన్ ఉంటే నేను చెప్పింది సరిపోయిందో లేదో చూసుకో. ఆ లైన్ లేకపోతే అదే కంపెనీ ప్లెయిన్ కప్పు తీసి షుగర్ ఎంతుందో చూడు, రెండిటికీ తేడానే కలిపిన చక్కెర.

ఇప్పుడు లెక్క వెయ్యి. రెండు కప్పులకి 22 గ్రాములు. డబ్ల్యూహెచ్ఓ వాళ్లు ఇలాంటి చక్కెర రోజు మొత్తం కాలరీల్లో 10 శాతం దాటొద్దు, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది అంటారు, 2000 కాలరీలు తినేవాళ్లకి అవి 50 గ్రాములు, 25 గ్రాములు అవుతాయి. అంటే ఆ 25 నువ్వు పెరుగులోనే దాదాపు ఖర్చు పెట్టేశావు, ఇక రోజంతా తాగే టీ కాఫీలు, బిస్కెట్లు ఏ ఖాతాలో రాస్తావు?

అలాగని ఐస్‌క్రీమ్ అనడం మాత్రం అన్యాయం. అదే 150 గ్రాముల వెనిల్లా ఐస్‌క్రీమ్ తింటే కాలరీలు 300 దగ్గర ఉంటాయి, ప్రోటీన్ 5 గ్రాములు వస్తే గొప్ప. అక్కకి ఇది చూపించు.

మొహమాటంలేదు:
అన్నా నాదొక మోటు లెక్క ఉంటది, ప్రోటీన్ గ్రాములని 10 తోటి గుణించు, కాలరీల కన్నా ఎక్కువొస్తే అది నిజంగనే హై ప్రోటీన్, చాలా తక్కువొస్తే కప్పు మీద అక్షరాలే హై. నీది 150 వస్తుంది, కాలరీలు 140, పాసయింది. నేనొకసారి అట్లనే పెద్ద అక్షరాలు చూసి కొన్న, ఇంటికొచ్చి చదివితే 7 గ్రాములు, కాలరీలు 130, మామూలు పెరుగే 150 గ్రాములకి 5 గ్రాములు ఇస్తది కదా, దానికేమో జిమ్ బొమ్మ పెట్టి అమ్ముతున్నరు. ఇంకోటి, పదార్థాల లిస్టు ఎక్కువ బరువున్నదాని నుంచి మొదలైతది, పాల తర్వాత రెండోదే చక్కెర ఉండి స్ట్రాబెర్రీ ఎక్కడో చివర కనబడితే ఆ గులాబీ రంగు పండుది కాదని అర్థం చేసుకో.

తోడుచుక్క:
డెయిరీ ప్లాంట్‌లో కొన్నాళ్లు పనిచేశానండి, ఆ ప్రోటీన్ ఎలా పెరుగుతుందో చెప్తాను, కొనేటప్పుడు పనికొస్తుంది. ఒక పద్ధతి వడకట్టడం. పెరుగులోంచి తేట తీసేస్తే కేసీన్ అనే పాల ప్రోటీన్ మిగిలి చిక్కబడుతుంది, ఒక కిలో రావడానికి మూడు నాలుగు కిలోల పాలు పడతాయి, ధర ఎక్కువుండేది అందుకే. తేటతో లాక్టోజ్ కొంత పోతుంది, మంచిదే, కానీ కాల్షియం కూడా కొంత పోతుంది. రెండో పద్ధతి పాల ప్రోటీన్ పొడి కలిపేసి తోడు పెట్టడం, చాలా కప్పులు ఇవే. ఇదేదో మోసం అనుకోకండి, పాల ప్రోటీన్ ఎలా వచ్చినా పాల ప్రోటీనే. నేను ఒప్పుకోనిది కొల్లాజెన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ప్రోటీన్) కలిపి ఆ గ్రాములు కూడా లెక్కలో చూపించడం, కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో యాసిడ్ అసలు ఉండదు, కండకి అది పాల ప్రోటీన్‌తో సమానం కాదు.

ఫ్యాట్ సున్నా అని సంబరపడేవాళ్లకి ఒక మాట, వెన్నతో పాటు విటమిన్ ఏ కూడా వెళ్లిపోతుంది, మళ్లీ కలిపితే తప్ప.

కొత్తజిమ్ము:
అబ్బ, ఇంత ఉందా. చూశాను, యాడెడ్ షుగర్స్ 11 గ్రాములే ఉంది, లేబుల్ పిచ్చోడు గారికి దండం. షాపులో అదే కంపెనీది జీరో షుగర్ అని ఇంకోటి ఉంది, తియ్యగానే ఉంటుందట, సుక్రలోజ్ అని రాశారు. దానికి మారిపోనా? ఇంకో డౌటు, పౌడర్‌తో కడుపు ఉబ్బుతుంది కదా, ఇది రెండు కప్పులు తిన్నా ఏం కాదు, రెండూ పాలే కదా?

లేబుల్_పిచ్చోడు:
సుక్రలోజ్ చక్కెర కంటే 600 రెట్లు తీపి, చిటికెడు కూడా వెయ్యరు, కాలరీలు రావు. అప్పుడప్పుడు తింటే నాకేం అభ్యంతరం లేదు, కానీ బరువు అదుపు కోసం ఇలాంటి స్వీటెనర్ల మీద ఆధారపడొద్దని డబ్ల్యూహెచ్ఓ 2023లో చెప్పింది, షుగర్ వ్యాధి ఉన్నవాళ్లని ఆ సలహాలోంచి పక్కన పెట్టింది. పైగా నాలుక ఆ తీపికే అలవాటు పడిపోతుంది. నేనైతే ప్లెయిన్ హై ప్రోటీన్ కొని సగం అది, సగం ఫ్లేవర్డ్ కలుపుకుని తిన్నా, చక్కెర సగానికి పడింది, రెండు వారాలకి పూర్తి ఫ్లేవర్డ్ వెగటు పుట్టింది. పండు ముక్కలు వేసుకున్నా సరే. అన్నట్టు రెండు కప్పులకి 30 గ్రాములే ప్రోటీన్, బరువులెత్తేవాళ్లకి ఒంటి బరువు కిలోకి రోజుకి 1.4 నుంచి 2 గ్రాములు చెప్తారు, నీకు కనీసం 87 కావాలి, మిగతాది భోజనంలో పప్పులు గింజల నుంచి తెచ్చుకో, మూడో కప్పు మొదలెట్టకు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ నీకు కాదు, డాక్టర్‌నే అడుగు.

తోడుచుక్క:
కడుపు సంగతి నేను చెప్తానండి. మీ పౌడర్ వే కాన్సంట్రేట్, అంటే పాల తేట నుంచి తీసిన ప్రోటీన్ పొడి, అయ్యుంటుంది, అందులో లాక్టోజ్ మిగిలి ఉంటుంది, మీకు అది అరగకపోవచ్చు. పెరుగులో బ్యాక్టీరియా బతికుంటే అది మీ కడుపులోకి వెళ్లాక కూడా లాక్టోజ్‌ని విరగ్గొట్టడానికి సాయం చేస్తుంది, ఉబ్బరం లేకపోవడానికి కారణం అదే కావచ్చు. కాబట్టి కప్పు మార్చేటప్పుడు లైవ్ కల్చర్స్ అని ఉందో లేదో చూడండి. తోడుకున్నాక మళ్లీ వేడి చేసి ప్యాక్ చేసినవి కూడా ఉంటాయి, ఫ్రిజ్ లేకుండా బయట అరలో పెట్టి అమ్మేది అదే, దాంట్లో బ్యాక్టీరియా చచ్చిపోయి ఉంటుంది, మీ కడుపు మళ్లీ గోల పెట్టొచ్చు.