బి కేటగిరీ సీటా, జార్జియానా?

ప్రశ్న: చెల్లి నీట్‌లో క్వాలిఫై అయింది గానీ ఎంబీబీఎస్‌కి కన్వీనర్ సీటు (తక్కువ ఫీజుది) రాదు. ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీకి (మేనేజ్‌మెంట్ కోటా) ఏడాదికి 12 లక్షలు, జార్జియాలో 5 లక్షలు అంటున్నారు. ఏది మేలండీ?

జవాబు 1: ఫీజు సంగతి తర్వాత, ముందు విదేశీ డిగ్రీలపై 2021 నాటి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనలు చూడండి. కోర్సు కనీసం 54 నెలలు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిష్‌లో బోధన, ఆ దేశ పౌరుల్లాగే అక్కడ లైసెన్సు పొందగలిగే డిగ్రీ. ఒక్కటి తగ్గినా ఇక్కడ డాక్టరుగా రిజిస్ట్రేషన్ ఉండదు. మధ్యలో కాలేజీ మారినా అంతే. "ఎన్‌ఎంసీ ఆమోదించిన కాలేజీ" అనే ఏజెంటును నమ్మకండి, విదేశీ కాలేజీలకు అలాంటి ఆమోదమే లేదు.

జవాబు 2: తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకు పెట్టే అర్హత పరీక్ష రాయాలి. 300కి 150 వస్తే పాస్, నెగెటివ్ మార్కుల్లేవు, అయినా ఎక్కువమంది తప్పుతున్నారు. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పినా పేషెంటు మాట్లాడేది జార్జియన్. భాష రాకపోతే కేస్ హిస్టరీ తీసుకోలేరు, వార్డులో వెనక నిలబడి చూడటమే! ఆపై ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్.

జవాబు 3: ఇక్కడ ఫీజు నాలుగున్నరేళ్లకైతే 54 లక్షలు, ఐదేళ్లకు అడిగితే 60. ముందే తేల్చుకోండి. అక్కడ ఆరేళ్లకు 30, దానికి హాస్టలు, విమానం, కోచింగు కలపండి. తేడా 15 లక్షలలోపు ఉంటే నేనైతే ఇక్కడే అంటాను.