హరిణ వనస్థలికి ఏ వేళలో వెళితే మంచిది?

ప్రశ్న: నల్గొండ నుంచి విజయవాడ రహదారి మీదుగా హైదరాబాద్ వస్తూ, వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలిలో పిల్లలకు కృష్ణజింకలను చూపించాలనుకుంటున్నాము. ఏ వేళకు చేరుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఎండ ముదరక ముందే చేరుకోండి. నల్లని వీపు, తెల్లని పొట్ట, మెలితిరిగిన పొడవాటి కొమ్ములు ఉంటే అది ఈడొచ్చిన మగ జింక. ఆడవాటికి సాధారణంగా కొమ్ములుండవు, వాటిది లేత గోధుమ వన్నె, పైగా లేత వయసు మగవాటి రంగూ అదే కాబట్టి పిల్లలే కాదు, పెద్దలూ తికమకపడతారు.

జవాబు: జూపార్కు అనుకుని వెళితే నిరాశ తప్పదండీ. అవి స్వేచ్ఛగా తిరిగే జంతువులు కనుక అలికిడి చేయకండి, తినుబండారాలు వేయకండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. అలాగైతే చౌటుప్పల్‌లో ఆగకుండా, తెల్లవారుజామునే బయలుదేరుతాము. బైనాక్యులర్ తప్పనిసరా?

జవాబు: తప్పనిసరి కాదు గానీ, ఉంటే కొమ్ముల మెలికలు స్పష్టంగా కనిపిస్తాయి.